రికవరా, రిస్టోరా, రిట్రీవా?

2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర, రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు గోదావరిలో మునిగిపోయింది. ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకుని వెళ్లి చేతికందినవాళ్లను బయటికి లాగారు. ఆ తర్వాత రోజుల తరబడి సహాయక బృందాలు మృతదేహాల కోసం గాలించాయి. బోటు మాత్రం నది అడుగునే ఉండిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, ఒకటికి రెండుసార్లు విఫలమై, చివరికి అక్టోబర్ 22న దాన్ని పైకి తెచ్చింది.

ఆ ఐదు వారాల కథను ఇంగ్లిషులో చెప్పబోతే ఒక్క క్రియతో పని జరగదు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు రెస్క్యూ అనాలి. మృతదేహాలకు రికవర్ అనాలి. బోటుకు సాల్వేజ్ గానీ రిట్రీవ్ గానీ వాడాలి. ఒకదాని చోట ఇంకొకటి పడితే ఎంత పొరపాటో చూడండి. నదిలో గల్లంతైన మనిషిని రెస్క్యూ చేశారంటే ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అదే మనిషిని రికవర్ చేశారంటే ఇక ఆశ లేదని అర్థం. ఒక్క మాట తేడాలో మనిషి ఉన్నాడా పోయాడా అన్నదే మారిపోతోంది.

మన పిల్లలు ఈ మాటలు నేర్చుకునే తీరు చూస్తే నాకు బాధేస్తుంది. రికవర్ అంటే తిరిగి పొందు. రీగెయిన్ అన్నా తిరిగి పొందు. రిట్రీవ్, రిక్లెయిమ్ కూడా తిరిగి పొందే. పరీక్షలకు ఇచ్చే పదాల పట్టికలు ఈ ఒక్క అర్థంతోనే సరిపెట్టేస్తాయి. నిజానికి మనం ఇంట్లో ఎప్పుడైనా 'తిరిగి పొందాను' అంటామా? జ్వరం నుంచి కోలుకుంటాం. భయం నుంచి తేరుకుంటాం. బాకీ రాబట్టుకుంటాం. తాకట్టు పెట్టిన నగ విడిపించుకుంటాం. బావిలో పడ్డ బిందెను పైకి తీస్తాం. ఇంగ్లిషు చూపించే తేడాలు చాలామటుకు ఇవే. తెలుగులో మనకు ముందే తెలిసినవే గనక, ఆ దారినే వెళితే ఇంగ్లిషు కూడా పట్టుబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా తారుమారయ్యేవి రికవర్, రిస్టోర్. వీటి దగ్గర కాసేపు ఆగుదాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊపేసింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి, చెట్లు కూలిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. విద్యుత్ సిబ్బంది స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి, కరెంటు మళ్లీ ఇచ్చారు. ఇది రిస్టోర్. కరెంటు రిస్టోర్ అవుతుంది గానీ రికవర్ అవదు. ఎందుకంటే దానంతటది కోలుకునే గుణం కరెంటుకు లేదు. బయటినుంచి ఒకరు పూనుకుని, మునుపు ఉన్న స్థితికి దాన్ని తీసుకురావాలి. మరి విశాఖ నగరం? అది రికవర్ అయింది. దెబ్బతిన్నది నగరమే, లేచి నిలబడిందీ నగరమే. దెబ్బ తిన్నవాడే లేస్తే రికవర్, ఇంకొకరు యథాస్థితికి తెస్తే రిస్టోర్. రోగి రికవర్ అవుతాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు చూపును రిస్టోర్ చేస్తాడు.

రిస్టోర్‌లో 'మునుపటి స్థితి' అన్నది ప్రాణం. ఇంగ్లండులో రాచరికం పోయి, 1660లో రెండో చార్లెస్ సింహాసనం ఎక్కిన ఘట్టాన్ని చరిత్రకారులు రెస్టొరేషన్ అంటారు. కొత్త రాజ్యం కాదు, పాతదే మళ్లీ. జమ్మూకశ్మీర్‌కు రాష్ట్ర హోదా కావాలని అడిగేవాళ్లు కూడా ఇంగ్లిషులో రిస్టోర్ చేయమనే అంటారు. 2019కి ముందు ఆ హోదా ఉండేది కాబట్టి. తెలంగాణ ఏర్పాటు కోసం సాగిన ఉద్యమానికి ఈ మాట అంత సూటిగా కుదరదు. 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రం ఉండేదన్న వాదన చేసినప్పుడే కుదురుతుంది. చూశారా, క్రియను ఎంచుకోవడంలోనే ఒక రాజకీయ వాదం దాగి ఉంది.

కట్టడాల విషయంలో ఈ మాట అర్థం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు ఏళ్ల తరబడి పని చేసింది. అక్కడి పనివాళ్లు ముందు చేసింది కొత్తది పూయడం కాదు, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును ఓపికగా గీకి తీసేయడం. దాని చోట పాత పద్ధతిలో సున్నపు గచ్చు పెట్టారు. అది రిస్టోర్ చేయడం. అలా కాక, ఒక ఇంటికి కొత్త టైల్సు, కొత్త రంగులు వేసి, కిచెన్ మార్చి ఆధునికంగా చేస్తే రెనొవేట్. మొదటిది వెనక్కి చూస్తుంది, రెండోది ముందుకు. పాత గుడి రాతి గోడలకు ఆయిల్ పెయింటు కొట్టి 'రిస్టోర్ చేశాం' అని బోర్డు పెట్టడం నా దృష్టిలో అబద్ధం రాయడమే.

మధ్యలో ఒక మాట. రెస్టారెంట్ కూడా ఈ కుటుంబానిదే. 18వ శతాబ్దపు పారిస్‌లో నీరసించిన ఒంటికి సత్తువ తెచ్చే పులుసును ఆ పేరుతో పిలిచేవారు. అది అమ్మే చోటుకూ తర్వాత ఆ పేరే స్థిరపడింది.

ఇక రిట్రీవ్. ఇది వేట నుంచి వచ్చిన మాట. కొట్టిన పిట్ట పొదల్లోనో నీళ్లలోనో పడితే కుక్క వెళ్లి నోట కరుచుకుని తెస్తుంది. లాబ్రడార్ రిట్రీవర్, గోల్డెన్ రిట్రీవర్ అన్న పేర్లు అలా వచ్చినవే. అందుకే ఈ మాటలో వెళ్లి తేవడం అనే పని తప్పకుండా ఉంటుంది. కంప్యూటర్‌లో భద్రంగా ఉన్న ఫైలును వెతికి తెరిస్తే రిట్రీవ్ చేసినట్టు. హార్డ్ డిస్క్ పాడై, ఫైలు పోయిందనుకున్నాక ఎలాగో బయటికి తీస్తే రికవర్ చేసినట్టు. ఫోను మార్చి పాత బ్యాకప్‌ను కొత్త ఫోనులో నింపితే రిస్టోర్ చేసినట్టు. మీ ఫోను సెట్టింగుల్లో ఈ మాటలు కనిపిస్తే ఈసారి ఆగి చదవండి. అక్కడ వాటిని ఊరికే వాడలేదు.

రిక్లెయిమ్ కూడా వేటదే. చేతి మీంచి ఎగిరిన డేగను వెనక్కి పిలవడానికి ఒకప్పుడు ఈ మాట వాడేవారు. అక్కణ్నుంచి అదుపు తప్పినదాన్ని, అడవిగా ఉన్నదాన్ని లోబరుచుకోవడం అనే అర్థం వచ్చింది. ముంబైలో నారిమన్ పాయింట్ నిలబడి ఉన్న నేలను సముద్రం పూడ్చి తయారుచేశారు. దాన్ని రిక్లమేషన్ అంటారు. ఎన్నడూ మనది కాని సముద్రాన్ని 'తిరిగి' తీసుకోవడమేమిటని అనుమానం రావచ్చు. డేగ సంగతి తెలిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. ఈనాటి వాడుకలో మాత్రం ఇందులో 'ఇది నాది' అన్న హక్కు బలంగా వినిపిస్తుంది.

రీగెయిన్ చేతికి దొరికే వస్తువులకు అంతగా నప్పదు. స్పృహ, పట్టు, ఆత్మవిశ్వాసం, టైటిల్ లాంటివి రీగెయిన్ చేస్తారు. క్రికెట్‌లో ఇంగ్లండు యాషెస్‌ను రీగెయిన్ చేసింది అంటే బాగుంటుంది. పర్సు రీగెయిన్ చేశాను అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

డబ్బు దగ్గరికి వస్తే తేడాలు జేబుకే తగులుతాయి. అప్పు తీసుకున్నవాడి దగ్గర బ్యాంకు రాబట్టేది రికవరీ. దానికోసమే 1993లో చట్టం చేసి డెట్ రికవరీ ట్రిబ్యునళ్లు పెట్టారు. కిస్తీలు కట్టలేదని ఫైనాన్సువాళ్లు బండి ఎత్తుకెళ్తే అది రిపొజెస్. నష్టాన్ని ఇంకో దారిలో పూడ్చుకుంటే రికూప్. ఒక ఏడాది మిర్చిలో మునిగిన గుంటూరు రైతు మరుసటి ఏడాది పంటలో ఆ లోటు తీర్చుకుంటే రికూప్ చేసుకున్నట్టు. పోయిన డబ్బు పోయినచోటు నుంచే రాలేదు, వేరేచోట నుంచి వచ్చింది. సినిమా వ్యాపారంలో పెట్టుబడి వెనక్కి రావడాన్ని మనవాళ్లు రికవరీ అనే అంటారు. ఈ లెక్క ప్రకారం రికూప్ ఇంకా సూటైన మాట.

రిడీమ్‌లో ఏదో ఒకటి చెల్లించడం ఉంటుంది. లాటిన్ మూలంలోనే 'మళ్లీ కొనడం' అని ఉంది. బంగారం కుదువ పెట్టినవాళ్లు అసలు, వడ్డీ కట్టి నగ విడిపించుకుంటే రిడీమ్. ఆస్తి తనఖా పెట్టినవాడికి విడిపించుకునే హక్కు ఉంటుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఆ హక్కు పేరు కూడా రిడెంప్షనే. తెలుగు క్రైస్తవులు ఏసును విమోచకుడు అనడంలోనూ ఇదే భావం. తన ప్రాణాన్ని వెలగా చెల్లించి మనిషిని విడిపించినవాడు అని. చెడ్డపేరు తెచ్చుకున్న ఆటగాడు గొప్ప ఇన్నింగ్స్ ఆడి మచ్చ తుడిచేసుకుంటే, అతను తనను తాను రిడీమ్ చేసుకున్నాడంటారు. అక్కడ చెల్లించింది చెమట.

ఉద్యోగం పోయి మళ్లీ వస్తే రీఇన్‌స్టేట్ అంటారు. ఆగిపోయిన ఎల్ఐసీ పాలసీని బకాయి ప్రీమియంలు, వడ్డీ కట్టి నడిపిస్తే రివైవ్ అంటారు. ఈ రెండూ దాదాపు కాగితాల భాష. అర్జీలో వాడండి, మాటల్లో అక్కర్లేదు.

ఇవన్నీ చదివి, మాట్లాడేటప్పుడు ఏది వాడాలో అని నోరు కట్టేసుకోకండి. పర్సు, ఫోను, డబ్బు, ఉద్యోగం, ఏది మళ్లీ చేతికొచ్చినా 'ఐ గాట్ ఇట్ బ్యాక్' అంటే చాలు. అది చిన్న మాటేమీ కాదు, ఇంగ్లిషువాళ్లు ఇంట్లో రోజూ వాడేదే. రాసేటప్పుడు మాత్రం, పోయినదేమిటి, తెచ్చిందెవరు అని ముందు తెలుగులో అడిగి చూసుకోండి. సరైన క్రియ ఆ జవాబులోనే దొరుకుతుంది.