ఎదురుచూపు ఇచ్చే బలం

పండుగ తెచ్చే సంతోషంలో కొంత భాగం పండుగ రాకముందే మనిషికి అందుతుంది. అయితే అన్ని ఎదురుచూపులూ ఒకటి కావు. ఎప్పుడు వస్తుందో తెలిసి, ఈలోగా చేతినిండా పని ఉండి, పదిమంది తోడున్న ఎదురుచూపు మనసుకు సత్తువనిస్తుంది. ఈ మూడూ కరువైనది అదే మనసును కుంగదీస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల జీవితంలో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి.

అమెరికా అర్థశాస్త్రవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ 1987లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ విషయంలో పేరుపొందింది. అభిమాన సినిమా తార ముద్దుకు ఎంత వెల ఇస్తారని విద్యార్థులను అడిగితే, అప్పటికప్పుడు దొరికేదానికంటే మూడు రోజుల తర్వాత దొరికేదానికే వారు ఎక్కువ వెల కట్టారు. ఆ మూడు రోజులూ ఊహించుకునే ఆనందం కూడా వారికి విలువైనదే. కరెంటు షాకు గురించి అడిగినప్పుడు మాత్రం, చాలాకాలం తర్వాత తగిలే షాకును తప్పించుకోవడానికే ఎక్కువ ఇస్తామన్నారు, ఎందుకంటే అంతకాలం భయపడుతూ గడపడమూ ఒక బాధే. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో వెలువరించిన మరో అధ్యయనంలో, విహారయాత్రకు వెళ్లబోయేవారు వెళ్లనివారికంటే ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారనీ, తిరిగివచ్చాక వారిలో చాలామందికి ఆ తేడా మిగలలేదనీ తేలింది.

మెదడు పనితీరులోనూ దీనికి ఆధారం ఉంది. డోపమైన్ అనేది నాడీకణాల మధ్య సందేశాలు చేరవేసే రసాయనాల్లో ఒకటి. నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్జ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో, డోపమైన్‌ను విడుదల చేసే కణాలు మొదట పండ్లరసం నోట పడినప్పుడు చురుకెక్కేవి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని కోతికి అలవాటయ్యాక, అవి ఆ సంకేతం కనబడగానే చురుకెక్కడం మొదలుపెట్టాయి.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చాటింపు అటువంటి సంకేతమే. సాధారణంగా మే నెలలో, జాతర మొదలవుతోందని ఊరంతటికీ తెలియజేసే ఆ ప్రకటన వెలువడిన తర్వాత, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు, సున్నపుకుండలు వరుసగా వచ్చి, చివరికి అమ్మవారి విశ్వరూప దర్శనంతో ఉత్సవం ముగుస్తుంది. ఆడవారిని చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకొక మారువేషంలో వెతికి, దొర వేషంలో ఉన్నప్పుడు అతణ్ణి సంహరించిందన్న గాథే ఈ క్రమానికి మూలం. కాబట్టి రేపటి వేషమేమిటో ఊరిలో అందరికీ ముందే తెలుసు, తెలిసినందువల్లనే ఎదురుచూపు పెరుగుతుంది. మొక్కు తీర్చుకోవడానికి మగవారు చీర కట్టి స్త్రీవేషం వేసుకోవడం, పిల్లలకు వేషం కట్టడం, పొంగళ్లకూ అంబలికీ సిద్ధం చేసుకోవడం వంటి పనులతో ఇల్లిల్లూ ఆ రోజులను తన చేతులతో నింపుకుంటుంది.

ఇదే ప్రాంతంలో మామిడి రైతు ఎదురుచూపు వేరు. చలికాలంలో పూత, ఆ తర్వాత పిందె, వేసవి చివర కోత అన్న క్రమం అతనికి తెలుసు, తోటలో పనికీ కొదవ లేదు, తెలియనిదల్లా ధర. చిత్తూరు జిల్లాలో విరివిగా పండే తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది గనుక, అవి కొనకపోతే రైతుకు వేరే దారి తక్కువ. 2025లో ధర కుప్పకూలి, రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. లోవెన్‌స్టైన్ ప్రయోగంలోని షాకులాగే, కోత దగ్గరపడే కొద్దీ పెరిగే ఆ బెంగ కూడా ఒక నష్టమే. కోతకు ముందే ఖాయమైన ధర చెప్పడం రైతుకు డబ్బుతోపాటు మనశ్శాంతినీ ఇస్తుంది.

ఎంతసేపో తెలియని నిరీక్షణ, ఇంతసేపని తెలిసినదానికంటే ఎక్కువ కాలంగా అనిపిస్తుందని, క్యూలలో మనుషుల మనస్తత్వాన్ని వివరిస్తూ డేవిడ్ మైస్టర్ 1985లో రాశాడు. తిరుపతిలోని శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో తిరుమల తిరుపతి దేవస్థానాలు ఇచ్చే సమయ నిర్దేశిత సర్వదర్శన టోకెన్లకు ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. టోకెన్ చేతికందిన భక్తుడికి తన వంతు ఎప్పుడో తెలుస్తుంది కాబట్టి, క్యూ కంపార్టుమెంటులో కూర్చుని గడియారం చూసుకునే సమయాన్ని అతడు భోజనానికీ, విశ్రాంతికీ, కోనేటి స్నానానికీ వాడుకోగలుగుతాడు.

ఉద్యోగాలకూ, చదువులకూ, ఇంటికీ ఈ సూత్రం వర్తిస్తుంది. పెద్ద పనిని దశలుగా విడదీసి ఒక్కొక్క దశకు తేదీ పెట్టుకోవడం, బడి విహారయాత్రను నెల ముందే చెప్పి ఏర్పాట్లలో పిల్లలకు భాగమివ్వడం, దూరాన ఉన్న బిడ్డలు సెలవుకు వచ్చే రోజును ముందే ఖాయం చేయడం పెద్ద ఖర్చులేని పనులు. వీటివల్ల మామూలు రోజులకు కూడా ఒక దిశ ఏర్పడుతుంది. జీతం పెంపు, బదిలీ, పరీక్షా ఫలితం, పంట ధర వంటివి ఎవరి చేతిలో ఉంటాయో వారి మీద ఇంకా పెద్ద బాధ్యత ఉంది. ఎదుటివారి ఎదురుచూపు ఆశగా మారుతుందా, బెంగగా మారుతుందా అన్నది చాలావరకు వారు చెప్పే తేదీ మీదా, ఆ మాట నిలబెట్టుకోవడం మీదా ఆధారపడి ఉంటుంది.