మూలుగ కణాలు గాలిగొట్టాన్ని బాగుచేస్తాయా?

మేడ్చల్, షామీర్‌పేట రోడ్ల మీద లారీల దుమ్ము, పొగ మనందరికీ తెలిసినవే. మన ఇళ్లలో దమ్ముతో బాధపడే పెద్దవాళ్లూ ఉన్నారు. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ షామీర్‌పేట దగ్గరే ఉంది కాబట్టి, ‘స్టెమ్ సెల్ వైద్యంతో దమ్ము పోతుంది’ అని ఎవరైనా చెబితే తేలిగ్గా నమ్మేస్తాం. ఆ మాటలో నిజమెంతో తెలుసుకుందాం.

గాలిగొట్టం లోపల ఒక పలుచని పొర ఉంటుంది. అందులో కొన్ని కణాలు తెమడను తయారుచేసి దుమ్మును పట్టుకుంటాయి. మరికొన్ని కణాల మీది సన్నని నూగు ఆ తెమడను గొంతు వైపు తోస్తుంది. పొగ వల్లనో వైరస్ వల్లనో ఈ పొర దెబ్బతింటే, అడుగున ఉండే బేసల్ కణాలు విభజన చెంది కొత్త కణాలను ఇస్తాయి. అంటే మరమ్మతు చేసే మేస్త్రీలు ఇంట్లోనే ఉన్నారన్నమాట.

మరి ఎముక మూలుగ సంగతి? రక్తకణాలు పుట్టేది అందులోనే. మూలుగ కణం ఊపిరితిత్తుల కణంగా కూడా మారగలదని 2001లో అమెరికాలో డయాన్ క్రాస్ బృందం ఎలుకలపై ప్రయోగాలు చేసి ప్రకటించింది. ఎన్నో ఆశలు కలిగాయి. తర్వాత ఇతరులు ఇంకా జాగ్రత్తగా పరీక్షిస్తే అలా మారిన కణాలు దాదాపు కనిపించలేదు. మూలుగ నుంచి వచ్చే తెల్లకణాలు గాయం దగ్గర క్రిములతో పోరాడి, చచ్చిన కణాలను శుభ్రం చేస్తాయి. మూలుగలోని మరో రకం కణాలు వాపును తగ్గించే పదార్థాలను విడుదల చేస్తాయి. ఇవి సాయానికి వచ్చేవే గాని, గోడ కట్టేవి కావు.

తొందరపడితే ఏమవుతుందో స్వీడన్ చూపింది. 2011లో అక్కడి కరోలిన్స్కా ఆస్పత్రిలో పాలో మాకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ గాలిగొట్టానికి రోగి మూలుగ కణాలను పట్టించి అమర్చాడు. అక్కడ ఇలా ఆపరేషన్ జరిగిన ముగ్గురూ తర్వాత మరణించారు. 2023లో కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు శిక్ష వేసింది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, మిగతా మూలకణ చికిత్సలన్నీ పరిశోధన దశలోనివే. అనుమతి పొందిన ప్రయోగాలలోనే వాటిని వాడాలి.

కాబట్టి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఈ సంగతి చెబుదాం. ఇలాంటి వైద్యం కోసం అప్పు చేయవద్దని, పొలం అమ్మవద్దని చెబుదాం. బీడీ మానడం, పొయ్యి పొగకు దూరంగా ఉండడం, డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను మానకుండా వాడడం ఈనాడు మన చేతిలో ఉన్న పనులు. బేసల్ మేస్త్రీలకు మనం చేయగల సాయం అదే.