పాత జీపునకు కొత్త యంత్రము



నేను కౌతాళమువాడను. మాది నల్లరేగడి సేద్యము. మా తండ్రిగారు 1968లో కొనిన జీపు నేటికిని మా దొడ్డిలో నున్నది. అది ప్రత్తి బోరెములను ఆదోని మార్కెటునకు చేర్చినది. శ్రావణమాసములో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు బంధువులను మోసినది. కాన్పు కష్టమైన ఆడబిడ్డలను అర్ధరాత్రివేళ ఆసుపత్రికి గొనిపోయినది. కావున అది మాకు ఇనుపసామాను కాదు, ఇంటి మనిషి.

మూడేండ్ల క్రిందట దాని యంత్రము మూలబడినది. అప్పుడు మోటారు పని నేర్చిన మా తమ్ముని కుమారుడు, "పెదనాయనా, దీనికి నేటి డీజిలు యంత్రము బిగింతము. చూచుటకు అబ్బ జీపే, పరుగు మాత్రము కొత్త కారుది" అనెను. ఆ మాట నాకు నచ్చినది. ఆ పనిలో మేము చేసిన తప్పును, దానివలన నేర్చినదానిని నేడు మీకు విన్నవింతును.

ఈ కోరిక లోకమునకు కొత్తది కాదు. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చవుకగా కొని, బరువు తగ్గించుటకై చక్రములపై రేకులను ఊడదీసి, ఎండిన సరస్సుల మైదానములలో పందెములకు దిగిరి. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల యంత్రమును సామాన్యుల ధరకు తెచ్చినది. ఆ యంత్రమును వారు అంతకంటె పాతవైన తేలిక బండ్లలోనికి ఎక్కించిరి. ఇట్టి బండ్లకు హాట్ రాడ్ అని పేరు వచ్చెను.

మన దేశమున అంబాసిడరు కారు కథయు ఇట్టిదే. దాని ఆకారము 1950 దశకమునాటి ఆంగ్ల మోరిస్ కారుది. 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు ఆ రూపము పెద్దగా మారలేదు. కాని 1990 తరువాత ఆ పాత పెట్టెలోనే జపానువారి ఇసుజు యంత్రమును, దానితో అయిదు గేర్ల పెట్టెను అమర్చిరి. యంత్రముతో గేర్లపెట్టెయు మారినదను సంగతిని గమనింపుడు. మేము గమనింపనిది అదియే.

యంత్రమున పుట్టిన బలము తిన్నగా చక్రమును చేరదు. అది క్లచ్చిని దాటి, గేర్లపెట్టెలో ప్రవేశించి, పొడవైన ఇరుసుకడ్డీ ద్వారా వెనుకకు పోయి, అచ్చటి పండ్లచక్రములవలన ప్రక్కలకు తిరిగి, చక్రములను త్రిప్పును. ఈ దారిలో ప్రతి భాగమును తన కాలపు యంత్రమును తలచి చేసినది. మా జీపు పెట్రోలు యంత్రము నాలుగు సిలిండర్లది. రమారమి 2,200 ఘనసెంటీమీటర్లది. సుమారు 75 అశ్వముల బలముగలది. నేటి డీజిలు యంత్రములకు టర్బో యను చిన్న చక్రముండును. బయటికి పోవు పొగ ఆ చక్రమును త్రిప్పగా, అది గాలిని నొక్కి సిలిండరులోనికి పంపును. గాలి హెచ్చినకొలది నూనెయు హెచ్చుగా మండును, బలము పెరుగును. ముఖ్యముగా, త్రిప్పుబలము తక్కువ వేగముననే విశేషముగా వచ్చును. పొగరుబోతు కోడెలను చీకిన కాడికి కట్టినచో కోడెలకేమియు కాదు, కాడియే విరుగును. బలహీనమైన భాగమెంత ఓర్చునో, బండి బలమంతయు అంతియే.

ఇక రెండవ విషయము, అన్నింటికంటె ముఖ్యమైనది, నిలుపుట. వేగము రెండింతలైనప్పుడు బ్రేకు మ్రింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. మంచి బ్రేకులు, మంచి చక్రములు గల బండి పొడి తారురోడ్డుమీద గంటకు 40 కిలోమీటర్ల వేగమున నున్నప్పుడు బ్రేకు పట్టినది మొదలు సుమారు 10 మీటర్లలో నిలుచును. 80 కిలోమీటర్లలో నున్నప్పుడు సుమారు 40 మీటర్లు కావలెను. చోదకుడు అపాయమును చూచి కాలు కదలించుటకు ఒక క్షణము పట్టినచో ఆ లోపల బండి మరి 22 మీటర్లు పోవును. మా జీపువి పాత డ్రమ్ము బ్రేకులు. పదేపదే త్రొక్కినచో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించును, పట్టు సడలును. నేటి కార్ల పళ్లెపు బ్రేకులు గాలికి తెరచియుండి త్వరగా చల్లారును. మరియు పాత జీపున నాలుగు చక్రములకును నూనె ఒకే మార్గమున పోవును. ఒక గొట్టము పగిలినచో నాలుగును పోవును. నేటి బండ్లలో మార్గములు రెండు. ఒకటి పోయినను రెండవది మిగులును.

ఈ సంగతులేవియు విచారింపక, ఒక మిస్త్రీచేత ఇరువది దినములలో కొత్త యంత్రము బిగింపించితిమి. చాసిస్సుకు దిమ్మెలు అతికించి యంత్రమును నిలిపిరి. బ్రేకులను ముట్టుకొనలేదు. పరీక్షకై బయలుదేరిన దినమున జీపు కోడెదూడవలె ఉరికినది. మా పిల్లవాని ముఖమున నవ్వు ఇప్పటికిని నాకు గుర్తున్నది. రెండవ మైలు దాటకమునుపే గొర్రెలమంద రోడ్డుకడ్డము వచ్చెను. వాడు బ్రేకుపై నిలుచుండినట్లు త్రొక్కెను. బండి నిలువక, ప్రక్క ప్రత్తిచేనిలోనికి దూకి, గట్టునకు తగిలి ఆగెను. వాని కుడిచేయి విరిగినది. రెండు గొర్రెలు చచ్చినవి. కాపరి పిల్లవాడు పది అడుగుల దూరములో నుండెను. ఆ పది అడుగులు తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు నేటికిని నిద్రపట్టదు. తప్పు మిస్త్రీది కాదు, యంత్రముది కాదు. పని క్రమము తెలియక తొందరపడిన నాది.

ఆ క్రమమేమనగా: మొదట చాసిస్సుకు త్రుప్పును, పగుళ్లను పరీక్షింపవలెను. రెండవది బ్రేకులు. మూడవది స్టీరింగు, కమానుకట్టలు. ఏలయన డీజిలు యంత్రము బరువైనదైనచో ముందుభాగము క్రుంగును. నాలుగవది వెనుక ఇరుసు, గేర్లపెట్టె. అయిదవది నీళ్లు చల్లార్చు రేడియేటరు. మన కర్నూలు ఎండలలో చిన్న రేడియేటరుతో పెద్ద యంత్రము నిలువదు. యంత్రము అన్నిటికంటె చివరిది. మేము చివరిదానిని మొదట చేసితిమి.

చట్టము మాటయు ఒకటి గలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టు దీనినే గట్టిగా చెప్పినది. చట్టము ఒప్పుకొను మార్పులకైనను నమోదు అధికారిని ముందుగా అడుగవలెను. అడుగక మార్చిన బండి ఎవరికైన హాని చేసినచో భీమావారు ఆక్షేపణ చెప్పవచ్చును. 2021లో వచ్చిన నియమముల ప్రకారము ఏబది యేండ్లు దాటిన స్వంత బండ్లకు ప్రాచీన వాహనములుగా ప్రత్యేక నమోదు గలదు. కాని చాసిస్సు, పెట్టె, యంత్రము గణనీయముగా మారియుండరాదు, ఆ బండిని నిత్యవాడుకకు త్రిప్పరాదు. పందెపు బండి చేయగోరువాడు దానిని రోడ్డుకు తేక, అందుకై ఏర్పరచిన మూసిన మైదానమునకే పరిమితము చేయుట మేలు.

మేమేమి చేసితిమి? కొత్త యంత్రమును నష్టమునకు అమ్మివేసితిమి. పాత యంత్రమునకు సిలిండర్లు తొలిపించి, కొత్త పిస్టన్లు వేయించి, దానినే తిరిగి ఎక్కించితిమి. బ్రేకు గొట్టములు, డ్రమ్ములు అన్నియు కొత్తవి. ప్రాచీన వాహనపు నమోదు కోరక, సాధారణ నమోదునే పునరుద్ధరించుకొంటిమి. ఏలయన మాకు ఉరుకుందకు పోవలెను గదా!

గత శ్రావణమున మా పిల్లవాడే జీపును నడిపెను. గంటకు 45 కిలోమీటర్లు దాటలేదు. ఇప్పుడు వాడు ఎవరి బండి మరమ్మతుకు వచ్చినను మొదట బ్రేకు త్రొక్కి చూచును, తరువాతనే మూత తెరచును. మీ యిండ్ల పిల్లలు పాత బండికి కొత్త బలము పోయుదమని వచ్చినప్పుడు వారి ఉత్సాహమును అణచకుడు, "నాయనా, దీనిని ఎట్లు నిలుపుదువు?" అని మాత్రము మొదట అడుగుడు.

ఇంతటితో విరమించుచున్నాను.