పలక తరువాత ల్యాప్‌టాపు: బడిపిల్లలకు ఎట్టిది కొనవలెను?

మార్కాపురమనగానే తెలుగునాట నడివయస్సు దాటిన వారికి పలక జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరి చుట్టుపట్ల భూమిలో దొరకు రాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రము బిగించి దూరప్రాంతములకు సైతము పంపెడివారు. రాతిపలకను కొను తండ్రి ధర నొక్కటినే అడిగి ఊరకుండెడివాడు కాడు. చేతబట్టి బరువు చూచును. వ్రేలి కణుపుతో తట్టును. కంగుమని మ్రోగినచో మంచిది, బొంగురుగా పలికినచో లోపల పగులున్నది. చట్రపు మూలలు గట్టివో కావో లాగి చూచును. ఇంత పరీక్షకు పట్టిన కాలము ఒక నిమిషము.

నేడు అదే తండ్రి, పిల్ల తొమ్మిదవ తరగతికో ఇంటరుకో వచ్చుసరికి, ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన కంప్యూటరును, అనగా ల్యాప్‌టాపును, కొనవలసివచ్చుచున్నది. దాని ఖరీదు కొన్ని వందల పలకల ఖరీదుకు సమానము. కంది, మిరప, ప్రత్తి పండించు మెట్టరైతునకు అది పంట డబ్బులో పెద్ద భాగము. పనికై వలసపోవు కుటుంబమునకు కొన్ని మాసముల కూలి. అయినను ఆ వస్తువును ఏ విధముగా తట్టి చూడవలెనో తెలియక, అంగడివాని మాటమీదనే ఇంటికి తెచ్చుకొనువారు పెక్కుమంది. గ్రామములో నలుగురికి సలహా చెప్పవలసిన పంచాయతీ సభ్యులకు ఈ విషయము కొంత తెలిసియుండుట అవసరము. పంచాయతీయే గ్రంథాలయమునకో బడికో యంత్రములు కొనదలచినప్పుడు ఈ అవసరము రెట్టింపగును.

మన రాష్ట్రమున ఈ ప్రశ్న ఒకమారు ఇంటింటికిని వచ్చినది. 2021 జనవరి 11వ తేదీన నెల్లూరులో అమ్మఒడి పథకపు రెండవ విడత ప్రారంభమైనప్పుడు, తొమ్మిదవ తరగతి మొదలు ఇంటరు వరకు చదువు పిల్లల తల్లులు మరుసటి సంవత్సరము 15,000 రూపాయల నగదునకు బదులుగా ల్యాప్‌టాపును కోరుకొనవచ్చునని ప్రభుత్వము ప్రకటించెను. 4 జి.బి. ర్యామ్, 500 జి.బి. హార్డుడిస్కు, 14 అంగుళముల తెర, మూడు సంవత్సరముల వారంటీ అని దాని లక్షణములను కూడ తెలియజేసిరి. తరువాత ఆ పంపిణీ జరుగలేదు. 2022 జూనులో నగదే తల్లుల ఖాతాలకు చేరినది. అదే సంవత్సరము డిసెంబరు 21న ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచుట ఆరంభమైనది. మరుసటి సంవత్సరము అదే తేదీన రెండవ విడత పంచిరి. ట్యాబు తేలికైనది, పాఠము చూచుటకును చదువుటకును చక్కగా పనికివచ్చును. అయితే నాలుగు పుటల వ్యాసము వ్రాయుటకు, పట్టికలు వేసి లెక్కలు కట్టుటకు, కంప్యూటరు భాషలు నేర్చుటకు మీటల పలక కావలెను. ఆ పనులు పైతరగతులలో వచ్చును గనుక, అప్పటి ప్రశ్న నేటికిని కుటుంబముల యెదుట నిలిచియేయున్నది.

చవుకదనము గురించి రెండు పాత ఉదాహరణములు. 2005లో నికొలస్ నెగ్రొపాంటి అను అమెరికా ఆచార్యుడు ప్రపంచమందలి పేదపిల్లలకు నూరు డాలర్లకే ల్యాప్‌టాపు నిచ్చు ఉద్యమమును ప్రకటించెను. 2007లో యంత్రము వెలువడునప్పటికి దాని ఖర్చు దాదాపు రెండింతలైనది. దుమ్మునకు ఓర్చునట్టి మీటలు, ఎండలో కనబడు తెర, పిల్లవాడు పట్టుకొని పోవుటకు పిడి, ఇవన్నియు మెచ్చదగినవే. పెరూ దేశము వానిని లక్షల సంఖ్యలో కొన్నది. కాని అచ్చటి గ్రామీణ పాఠశాలలలో జరిపిన పరిశీలనలో, 2012లో తేలినదేమనగా, యంత్రములు చేరినంత మాత్రమున గణితములోను భాషలోను పిల్లల మార్కులు పెరుగలేదు. ఉపాధ్యాయునకు తర్ఫీదు, పాఠములో యంత్రమునకు ఒక పని, ఈ రెండును లేనప్పుడు ఎంత మంచి యంత్రమైనను ఆటవస్తువగును.

రెండవది మన యింటిదే. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ‘ఆకాశ్’ ట్యాబును హైదరాబాదులో కూర్చిరి. ప్రభుత్వమునకు పడిన ధర సుమారు 2,250 రూపాయలు. ప్రపంచములోనే చవుకయని పత్రికలు వ్రాసినవి. అయితే దాని తెర గట్టిగా నొక్కిన గాని వినదు. జ్ఞాపకశక్తి 256 ఎం.బి. మాత్రమే; బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి నిలువదు. ఉద్దేశము గొప్పదే. కాని పిల్లవాని ఓపిక కూడ ఖర్చులో చేరునని లెక్కవేసినవారు కానరారు.

కావున ధరను ఒక్కదినపు లెక్కగా చూడరాదు. 18,000 రూపాయల యంత్రము రెండేండ్లకు మూలబడినచో ఏటికి 9,000 పడినట్లు. 32,000 రూపాయలది అయిదేండ్లు నడచినచో ఏటికి 6,400 మాత్రమే. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి. ధరలు నెలనెలకు మారుచుండును. లెక్క వేయు పద్ధతి మాత్రము మారదు.

బరువు, బ్యాటరీ

కేంద్ర ప్రభుత్వపు 2020 నాటి బడిసంచి విధానము ప్రకారము పిల్లవాని సంచి అతని బరువులో పదవవంతునకు మించరాదు. తొమ్మిది, పది తరగతులకు అది రెండున్నర మొదలు నాలుగున్నర కిలోల వరకు. 14 అంగుళముల తెరగల సాధారణ ల్యాప్‌టాపు సుమారు కిలోన్నర తూగును. ఛార్జరు చేరినచో మరికొంత. అనగా సంచిలో సగమునకు దగ్గరగా అదియే ఆక్రమించును. 15.6 అంగుళములవి ఇంకను బరువు. ఆటోలోనో బస్సులోనో నిలిచి ప్రయాణము చేయు పిల్లకు 14 అంగుళములకు పైబడిన తెర అనవసరమని మా అభిప్రాయము. 11 అంగుళములవి తేలికయే కాని, ఒక బల్లపై ఇద్దరు ముగ్గురు కలిసి చూడవలసిన బడిలో చాలవు.

బ్యాటరీ విషయమున అంగడివారు “పది గంటలు వచ్చును” అని చెప్పుట పరిపాటి. ఆ మాటను సరిచూచు ఉపాయము సులభము. ప్రతి యంత్రపు లక్షణముల పట్టికలో బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో ముద్రింతురు. చదువు, వ్రాత వంటి తేలికపనికి ల్యాప్‌టాపు గంటకు సుమారు ఎనిమిది వాట్-అవర్లు వాడుననుకొందము. 40 వాట్-అవర్ల బ్యాటరీని ఎనిమిదితో భాగించిన అయిదు గంటలు. చలనచిత్రము చూచినను, వెలుతురు పూర్తిగా పెంచినను ఇంకను తగ్గును. రెండు మూడేండ్లకు బ్యాటరీ సహజముగనే నీరసించును. కనుక 40 వాట్-అవర్లకు తక్కువైన దానిని బడికై కొనుట మంచిది కాదు. విద్యుత్తు ఖర్చునకు భయపడ నక్కరలేదు: దినమునకు ఒకమారు నింపినను నెలకు రెండు యూనిట్లకు మించదు. కరెంటు పోయిన తక్షణమే ఆరిపోవు బల్లమీది కంప్యూటరుకంటె ల్యాప్‌టాపు గ్రామములకు తగియుండుటకు ఈ బ్యాటరీయే కారణము.

ఛార్జరు ‘టైప్-సి’ రకముదైనచో మేలు. అది చెడినప్పుడు తగిన శక్తిగల మరియొకటి ఎక్కడనైనను దొరకును. పొరుగింటివారిది అడిగి వాడుకొనవచ్చును. ఒక్కొక్క సంస్థ తనకు మాత్రమే సరిపడు ఛార్జరు నిచ్చినచో, దానికై పట్టణమునకు పోవలసివచ్చును.

లోపలి సరుకు

ప్రాసెసరు పేర్లు, తరముల అంకెలు విని కంగారుపడ నవసరము లేదు. బడిపనికి నేడు అమ్ముచున్న సామాన్యమైనది చాలును. గమనింపవలసినవి రెండే. ర్యామ్ 8 జి.బి. ఉండవలెను, 2021లో చాలుననుకొన్న 4 జి.బి. నేటి పనులకు ఇరుకు. అది సాధ్యపడనిచో, తరువాత పెంచుకొనుటకు ఖాళీగాడి యున్నదా అని అడుగవలెను. రెండవది, దాచుకొను స్థలము. పాత హార్డుడిస్కులో పళ్లెము గిరగిర తిరుగుచుండును. గుంటలబాటలో కుదుపునకు దెబ్బతినును. ‘ఎస్.ఎస్.డి.’ అనబడు దానిలో తిరుగు భాగములు లేవు. వేగమెక్కువ, కరెంటు తక్కువ. 256 జి.బి. ఎస్.ఎస్.డి. గలది 500 జి.బి. హార్డుడిస్కు గలదానికంటె బడిపిల్లకు మేలైనది. పెద్ద అంకెను చూచి మోసపోరాదు. 64 జి.బి. మాత్రమే గలవి మిక్కిలి చవుకగా వచ్చును. అవి కొద్దికాలములోనే నిండిపోవును.

వాడిన యంత్రములను బాగుచేసి అమ్మువారు నగరములలో కలరు. వానిని పూర్తిగా త్రోసిపుచ్చ నక్కరలేదు; కాని విండోస్ 10కు కంపెనీ ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను స్వీకరింపజాలని పాతయంత్రమును అంటగట్టుటకు ప్రయత్నించువారు ఉందురు. అట్టిదానిలో లినక్స్ అను ఉచిత వ్యవస్థను వేసికొని నడుపవచ్చును, బడిలో అది తెలిసిన ఉపాధ్యాయుడున్నచో. క్రోమ్‌బుక్ అనునవి తేలికైనవి, చవుకైనవి. అయితే ఇంటర్నెట్టు లేనిచోట వాని పనులు చాలవరకు కుంటుపడును, ప్రతిదానికిని రక్షణ ముగియు తేదీ ముందే నిర్ణయమైయుండును. నల్లమల అంచుపల్లెలలో సంకేతము నిలకడగా అందనిచోట వానిని నేను సిఫారసు చేయను.

అంగడిలో తట్టి చూచుట

పిల్లను వెంటబెట్టుకొని పోవలెను. వాడవలసినది ఆమెయే. ఛార్జరు తీసివేసి పావుగంట నడిపింపుడు. మూతను పదిమార్లు తెరచి మూయింపుడు, మడతబందు వదులుగానున్నదో బిగువుగానున్నదో తెలియును. తెరను గుమ్మమువద్ద పగటి వెలుతురులో చూడుడు. పిమ్మట పిల్లచేత తన పేరును, ‘గిద్దలూరు’ అను మాటను తెలుగులో కొట్టింపుడు. తెలుగు మీటల అమరిక అన్ని వ్యవస్థలలోను ఉచితముగనే యుండును. దానికై వేరుగా సొమ్ము అడిగినవానివద్ద కొనరాదు. అడుగుభాగమున భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను.

బిల్లు లేకుండ ఇచ్చిన తక్కువకే వచ్చునని కొందరు ఆశపెట్టుదురు. ల్యాప్‌టాపుపై పన్ను నూటికి 18 రూపాయలు. అది మిగులునన్న ఆశతో వారంటీని పోగొట్టుకొనుట తెలివి కాదు. వారంటీ విషయమున అడుగవలసిన ప్రశ్న “ఎన్నేండ్లు?” అనునది కాదు, “ఎక్కడ?” అనునది. మార్కాపురమునుండి ఒంగోలు సుమారు నూరు కిలోమీటర్లు. గిద్దలూరువారికి నంద్యాల దగ్గర. మరమ్మతుకై ఒక దినపు కూలిని, బస్సు ఛార్జీని రెండుమార్లు పోగొట్టుకొన్న కుటుంబము మూడవమారు పోదు, యంత్రము అటకెక్కును. మెకానిక్కు ఇంటికే వచ్చు వారంటీయా, మనమే మోసికొనిపోవు వారంటీయా, మన పిన్‌కోడునకు ఆ సదుపాయము కలదా అని కొనకముందే సంస్థవారి ఫోనునకు చేసి తెలిసికొనవలెను.

పంచాయతీ కొనునప్పుడు

రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో పాఠశాల విద్యయు గ్రంథాలయములును కలవు. ఏ నిధినుండి ఎంత ఖర్చు చేయవచ్చునో మండల పరిషత్తు అధికారిని ముందుగా అడిగి, సభలో తీర్మానము చేసి, కేంద్ర ప్రభుత్వపు ‘జెమ్’ కొనుగోలు వేదికద్వారా తెప్పించుట సురక్షితమైన మార్గము. తీర్మానములో సంస్థ పేరు వ్రాయుటకంటె, బరువు ఇంతకు మించరాదు, బ్యాటరీ ఇంతకు తగ్గరాదు, మరమ్మతు జిల్లాలోనే జరుగవలెను అని లక్షణములు వ్రాయుట మేలు.

పదిమందికి పది నాసియంత్రములు కొనుటకంటె, నాలుగు మంచివి కొని వంతులవారీగా ఇంటికిచ్చుట లాభకరము. దానికి ఒక రిజిస్టరు కావలెను. అందు ఇంటి యజమాని పేరు కాక, చదువు పిల్ల పేరు వ్రాయవలెను. ఇంట ఆడపిల్లకని తెచ్చినది అన్నగారి సినిమాలకు మరలుట అరుదు కాదు. పూర్వము మార్కాపురము పలకల పనిలో బడియీడు పిల్లలు సైతము రాతిదుమ్ములో కూర్చుండి, తాము వ్రాయని పలకలను ఇతరుల పిల్లలకై సిద్ధముచేసిరి. ఆ సంగతి ఎరిగిన ప్రాంతమువారికి, వస్తువు ఎవరి చేతికి చేరుచున్నదో చూడుమని వేరుగా చెప్పవలసిన పనిలేదు.

వేసవి సెలవులలో యంత్రములను రేకులగదిలో పెట్టరాదు. వేడి బ్యాటరీకి శత్రువు. పూర్తిగా నింపియు, పూర్తిగా ఖాళీచేసియు దాచరాదు. సగము నింపి, ఆపివేసి, గుడ్డలో చుట్టి పెంకుటింటిలోనో మిద్దెలోనో బీరువాలో ఉంచి, నెలకొకమారు తీసి చూచి మరల సగమునకు నింపవలెను. ఆ పని ఎవరిదో ఏప్రిలులోనే రిజిస్టరులో వ్రాసికొన్నచో, జూనులో బడి తెరచునాటికి నాలుగును వెలుగును.