కటకపు చూపు – మూలల చీకటి

ఒక ఇరుకు గదిని నాలుగు మూలలతో సహా ఒక్క ఛాయాచిత్రములో ఇమిడ్చవలెనన్నచో ఫోటోగ్రాఫరు వెనుకకు జరుగవలెను. వెన్ను గోడకు తగిలిన పిమ్మట జరుగుటకు చోటుండదు. అప్పుడు కెమేరా చూపునే వెడల్పు చేయవలసి యుండును. సామాన్యమైన కెమేరా కటకము సుమారు 45 లేక 50 డిగ్రీల మేర మాత్రమే చూడగలదు. 90 డిగ్రీలు దాటి చూడగల వానిని అతివిశాలకోణ కటకములని పిలువవచ్చును. వీనిని చేయబూనిన వారికెల్ల ఒక చిక్కు ఎదురైనది. చిత్రము నడుమ వెలుగుగా నున్నను మూలలు చీకటిగా నుండును.

ఈ చీకటి ఎందుకు కలుగును? కటకమునకు నేరుగా ఎదుటినుండి వచ్చు కాంతిని, 60 డిగ్రీల వాలున ప్రక్కనుండి వచ్చు కాంతిని పోల్చి చూతము. మొదటిది, కటకమునుండి ప్లేటు అంచునకు గల దూరము, నడిమికి గల దూరమునకు రెట్టింపు. దూరము రెట్టింపైనచో కాంతి నాలుగవ వంతగునని విలోమవర్గ నియమము చెప్పుచున్నది. రెండవది, ఆ కాంతి ప్లేటుపై ఏటవాలుగా పడును. సాయంకాలపు ఎండవలె ఎక్కువ మేర పరచుకొని పలుచనగును. ఇందుచే మరల సగము తగ్గును. మూడవది, గుండ్రని ద్వారము ప్రక్కనుండి చూచినచో కోలగా, సన్నగా కనబడును. రూపాయి బిళ్ళను వాల్చి పట్టుకొని చూచిన ఈ సంగతి తెలియును. అందుచే లోనికి వచ్చు కాంతియే సగమగును. మొత్తముమీద అంచునకు చేరునది నడిమి వెలుగులో 16వ వంతు మాత్రమే. వాలు కోణపు కొసైన్ నాలుగవ ఘాతమును బట్టి వెలుగు తగ్గును గనుక దీనిని కొసైన్ చతుర్ఘాత నియమమందురు.

1900లో జర్మనీ యందలి గోయెర్జ్ కంపెనీకై ఎమిల్ ఫాన్ హోయెగ్ రూపొందించిన హైపర్గాన్ కటకము ఈ చిక్కును ముఖాముఖి ఎదుర్కొన్నది. దానియందు గాజు ముక్కలు రెండే. రెండును ఇంచుమించు సగము బంతివలె వంగిన పలుచని నెలవంకలు. ద్వారము నడుమ నుండునట్లు అవి ఎదురెదురుగా అమర్చబడినవి. రెండు వైపులు ఒకే తీరున నుండుటచే ఒకటి కల్పించు వంకరను రెండవది దిద్దును. అందుచే గోడల అంచులు చిత్రములో తిన్నగనే నిలుచును. దాని చూపు సుమారు 135 డిగ్రీలు! కాని వాలు 67.5 డిగ్రీలైనప్పుడు వెలుగు నడిమి దానిలో 47వ వంతునకు పడిపోవును.

దీనికి కనుగొన్న విరుగుడు వింతైనది. కటకము ముందు నక్షత్రాకారపు రేకు నొకదానిని నిలిపిరి. రబ్బరు బుడ్డిని నొక్కినచో గాలి తగిలి రేకు గిరగిర తిరుగును. నక్షత్రము నడుమ వెడల్పుగను, కొనలు సన్నముగను ఉండును గనుక అది నడిమి కాంతిని ఎక్కువగా, అంచు కాంతిని తక్కువగా అడ్డగించును. ప్లేటునకు వెలుగు సోకు కాలములో చాల భాగము దీనిని త్రిప్పి, తరువాత కొద్దిసేపు ప్రక్కకు వాల్చి, నడిమి భాగమునకు కావలసిన వెలుగు నిచ్చెడివారు. ఇంత నిదానముగా తీయు చిత్రమునకు కదలని కట్టడములే తగినవి.

1969లో వెలువడిన జైస్ హోలోగాన్ 35 మిల్లీమీటర్ల ఫిలింపై 110 డిగ్రీలు చూడగలిగినది. దాని నాభ్యంతరము 15 మిల్లీమీటర్లు. నక్షత్రమునకు బదులు, నడుమ ముదురుగను అంచులకు పోను పోను తేటగను ఉండు బూడిదరంగు ఫిల్టరు దానికి తోడైనది.

ఈ రెండు ఉపాయములును నడిమి వెలుగును తగ్గించునవే. సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ రూసినోవ్ వేరు దారి పట్టెను. ఆయన కటకమునకు ముందు వెనుకల పెద్ద పుటాకార నెలవంకలను ఉంచెను. వాని మూలమున ప్రక్కనుండి చూచినను ద్వారము సన్నబడక పెద్దదిగా కనబడును. ఇట్లు పైన చెప్పిన మూడవ నష్టము చాలవరకు పూడి, నాలుగవ ఘాతము మూడవ ఘాతమునకు దగ్గరపడును. 60 డిగ్రీల వద్ద 16వ వంతునకు బదులు సుమారు 8వ వంతు దక్కును. విమానమునుండి భూమిని చిత్రించి పటములు గీయువారికి ఇది గొప్ప మేలు.

అయినను తిన్నని గీతలకు మరియొక మూల్యము కలదు. 60 డిగ్రీల వాలున నున్న బంతి, చిత్రములో వెడల్పునకు రెట్టింపు పొడవుగా సాగును. అంచున నిలుచున్న మనిషి ముఖమునకును అదే గతి. 180 డిగ్రీలు చూడవలెనన్నచో తిన్నని గీతలపై ఆశ వదలుకొనవలసినదే. ఏలయన 90 డిగ్రీల టాంజెంటు అనంతము. కిరణజన్య సంయోగక్రియలో ‘హిల్ చర్య’ ద్వారా విద్యార్థులెరిగిన రాబిన్ హిల్, మేఘములతో కూడిన ఆకాశమునంతటిని ఒకే గుండ్రని చిత్రములో పట్టు కటకమును 1924లో వివరించెను. అందు గీతలు వంగును గాని ఆకాశము పూర్తిగా దక్కును.

నేడు కంప్యూటరు చిత్రపు మూలలను ప్రకాశవంతము చేయగలదు. కాని అక్కడ చేరిన కాంతి స్వల్పమగుటచే, వెలుగుతోపాటు చిత్రపు గరుకుదనమును పెరుగును. విద్యార్థులు కొసైన్ పట్టిక తీసి 30, 45, 60 డిగ్రీలకు నాలుగవ ఘాతములను కట్టవలెను. వరుసగా 9/16, 1/4, 1/16 వచ్చును. చూపు వెడల్పగు కొలది మూలల చీకటి ఎంత వేగముగా ముదురునో ఈ మూడు అంకెలే చెప్పును.