ఇరువదేండ్లకు మరల కట్టెడి గుడి

నూజివీడు తోటలలో ముసలి రసాలచెట్టు పడిపోవునని తోచినపుడు రైతేమి చేయునో మా ప్రాంతమువారి కందఱకును తెలియును. చెట్టు బ్రతికి యుండగనే దాని కొమ్మతో అంటు కట్టించును. కొన్నేండ్ల తరువాత క్రొత్తచెట్టు పండును చేతబెట్టి, "ఇది మా తాతగారి చెట్టే" యనును. ఆ మాట నెవ్వరును తప్పుపట్టరు. జపానులోని ఇసె దేవాలయమును గూర్చి చెప్పుటకు మాకింతకంటె తగిన ఉపమానము దొరకలేదు.

షింటో ఆలయములలో ఇసె మిక్కిలి పూజ్యమైనది. అచటి దేవత అమతెరసు, సూర్యదేవత. యాత్రికుడు 'తోరీ' యను కొయ్యతోరణము కడ తలవంచి, ఉజీ వంతెన దాటి, ఇసుజు ఏటి రేవున చేతులు కడిగికొనును. పిదప మహావృక్షముల నడుమ గులకరాళ్ళబాటను నడచి, తెల్లని తెర వ్రేలాడు ద్వారము చేరును. రెండుమారులు వంగి, రెండుమారులు చప్పట్లు చఱచి, మరల నొకమారు వంగవలెను. అంతటితో దర్శనము ముగిసినది. విగ్రహము లేదు, లోపలి పవిత్రమైన అద్దమును యాత్రికులు చూడరు. హారతికిని తీర్థమునకును అలవాటుపడిన మనవారికి ఇది కొంత వెలితిగనే యుండును.

కంచెలమీదుగా కనబడునది గడ్డికప్పు మాత్రమే. రంగు పూయని హినోకి కొయ్యస్తంభములు పునాదిరాయి లేక నేలలో పాతబడి యుండును. అట్టి కొయ్య చివుకక మానదు. కావున క్రీ.శ. 690 మొదలు, ఇరువదేండ్లకొకమారు ప్రక్కనున్న ఖాళీస్థలమున అచ్చముగ నటువంటి గుడినే కట్టి, రాత్రివేళ దేవతను తరలించుట ఆచారమైనది. 2013లో జరిగినది 62వది. తరువాతిది 2033లో జరుగవలసి యున్నది. పాతకొయ్యను పారవేయరు. వెన్నుదూలమును మోసిన స్తంభములు ఉజీ వంతెన కొనల తోరణములగును. మిగిలిన కొయ్య ఇతరాలయములకు పోవును.

15, 16 శతాబ్దముల అంతర్యుద్ధములలో ఈ పని నూఱేండ్లకు పైగా ఆగెను. గుడి పాడగుట కంటె వడ్రంగపు విద్య మఱుగుపడుటయే పెద్ద నష్టమని మా అభిప్రాయము. ఇరువదియవ యేట పని నేర్చినవాడు నలువదియవ యేట తానే చేయును, అఱువదియవ యేట కుఱ్ఱవారికి చూపును. నడుమ నొక వరుస తప్పినచో చూపువాడే యుండడు. 1949లో కావలసిన నిర్మాణము యుద్ధానంతరపు ఇబ్బందులచే 1953 వఱకు జాగయ్యెను గాని మానలేదు.

కొయ్య దొరకుటయు నంత సులభము కాదు. అందుకై 1923 ప్రాంతమున ఇసె అడవులలోనే హినోకి పెంచుటకు పూనుకొనిరి. మన అంటుమామిడి నాలుగైదేండ్లకు కాపు పట్టును. ఆ మొక్కలు పెద్దస్తంభములగుటకు రెండువందల యేండ్లని లెక్క. వానిని నఱకువా రింకను పుట్టలేదు.