పాత మోటారు సైకిళ్ళ పునరుద్ధరణము

తీరిక వేళలందు మనుష్యులు చేపట్టు వ్యాసంగములు పలు విధములు. తపాలా బిళ్ళలు కూర్చువారు కొందరు, పూలమొక్కలు పెంచువారు కొందరు. మూలబడిన చిన్న మోటారు సైకిలును విప్పి, తుడిచి, మరల నడిపించుటయందు ఆనందము పొందువారు మరికొందరు. ఈ మూడవ వ్యాసంగమును గూర్చి, కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములను దృష్టియందుంచుకొని, నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఈ సీమలో మోటారు సైకిలు పనిముట్టుగా ప్రవేశించినది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుగనులకు పోవు కార్మికునకును, కాగజ్‌నగరు కాగితపు మిల్లు ఉద్యోగికిని, ఇరుప్రక్కల పాలక్యానులు కట్టుకొని పట్టణమునకు వచ్చు రైతునకును అది ఇంటి ఆస్తులలో నొకటి. క్రొత్త బండి వచ్చినంతనే పాతది పశువుల కొట్టములోనికో, పెరటి వేపచెట్టు క్రిందికో చేరును. అటనుండి దాని గమ్యము సాధారణముగా తూకమునకు కొను పాత ఇనుప సామానుల దుకాణమే.

ఆ బండ్ల చరిత్ర తెలిసికొనదగినది. చెకోస్లోవేకియా దేశపు జావా మోటారు సైకిలును మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961 నుండి తయారుచేసినది. 1973 నుండి దానికి యెజ్డి యను పేరు వచ్చెను. 1996లో ఆ కర్మాగారము మూతబడినది. పోలండు దేశపు నమూనా ననుసరించి ఎస్కార్ట్సు సంస్థ 1962లో రాజదూత్ 175 బండిని వెలువరించినది. 98 ఘన సెంటీమీటర్ల యమహా ఆర్.ఎక్స్. 100 బండి 1985లో వచ్చి, 1996 వరకు తయారైనది. మన తెలుగునేలమీదనే, తిరుపతిలో, సువేగ మోపెడ్లు తయారైనవి. ఇవన్నియు రెండు ఘాతముల ఇంజన్లు. అనగా, పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోవునంతలో వాటి పనిచక్రము పూర్తియగును. నిర్మాణము సులభము, భాగములు తక్కువ. కావుననే శ్రద్ధగల గృహస్థుడు వీటిని నేర్చుకొనవచ్చును.

అసలు భాగములు ఇప్పుడు క్రొత్తగా తయారగుట లేదు. ఒక బండిని కరగించినను, మోజుకొరకు దాని చట్రమును కోసినను, తిరిగి రాని సొత్తు పోయినట్లే. అందువలన ఈ వ్యాసంగమునకు మూలసూత్రము ఒక్కటే: ముందు రక్షించవలెను, తరువాత అలంకరించవలెను. అలంకరణకై చేసిన మార్పు ఎప్పుడైనను తీసివేయుటకు వీలుగా నుండవలెను. ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ శాసనపత్రము కూడ, వీలైనంత తక్కువ మార్పుతో కాపాడుటయే మేలని చెప్పుచున్నది.

పని ఆరంభించుటకు ముందు బండిని అన్ని వైపుల నుండి ఫొటోలు తీయించుకొనవలెను. విప్పిన ప్రతి మరను, ప్రతి వాషరును వేరువేరు డబ్బాలలోనుంచి చీటి అంటించవలెను. బిగుసుకొనిన ఇంజనును కిక్కు మీద నిలువబడి త్రొక్కుటగాని, సుత్తితో మోదుటగాని కూడదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో పలుచని నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిమ్మట మెల్లగా కదల్చవలెను. సిలిండరు అరిగియున్నచో లేతు మిస్త్రీ దానిని బోరింగు చేసి, తగిన పెద్ద పిస్టను అమర్చును. యెజ్డి, రాజదూత్ బండ్లలో పాయింట్ల ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. ఇంజను చెడిపోయినదని తలచిన పెక్కు సందర్భములలో లోపము పాయింట్లయందో, కండెన్సరునందో, మూసికొనిపోయిన కార్బురేటరునందో కనిపించును.

పెట్రోలు టాంకి విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. ఖాళీ టాంకిలో సైతము పెట్రోలు ఆవిరి నిలిచియుండును. దానిని శుద్ధిచేయకయే వెల్డింగు చేయబూనినచో ప్రేలి ప్రాణాపాయము కలుగును. లోపలి తుప్పును నిమ్మ ఉప్పు నీటితో కరగించి, పిదప వంటసోడా నీటితోను, మంచి నీటితోను కడిగి, పూర్తిగా ఆరబెట్టవలెను.

రెండు ఘాతముల ఇంజనునకు నూనెయే ప్రాణము. యెజ్డి, రాజదూత్ బండ్లలో నూనెను పెట్రోలునందే కలుపవలెను. తయారీదారుని పుస్తకము చెప్పిన పాలు ప్రమాణము. అది సాధారణముగా లీటరునకు 40, 50 మిల్లీలీటర్లుండును. నూనె మరచినచో పరుగులోనే పిస్టను పట్టుకొని, వెనుక చక్రము బిగిసి, మనిషి పడిపోవును. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి ఇరువదికి చేరినది. అది తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను మెత్తపరచును. కావున ఇథనాలునకు తాళు గొట్టములు వేయవలెను. వానకాలమున నెలల తరబడి బండిని నిలుపునపుడు టాంకిని, కార్బురేటరును ఖాళీ చేయవలెను. రంగు వేయుటకు ముందే బ్రేకులు, టైర్లు, తీగలు సరిచేయించుట ముఖ్యము. ఆగని బండికి అందమెందులకు?

ఇక అలంకరణ. యుద్ధానంతరము అమెరికాలో మడ్గార్డులు కత్తిరించిన బాబర్లును, ఇంగ్లండులో వంచిన హాండిళ్ళ కేఫ్ రేసర్లును ప్రచారములోనికి వచ్చినవి. ఆ ముచ్చట మన యువకులకును కలదు. సీటు, హాండిలు, దీపములు మార్చుకొనవచ్చును, కాని తీసిన అసలు భాగములను నూనె రాచి దాచవలెను. టాంకిమీద గీతలు, అక్షరములు చేతితో వ్రాయించుట మరింత శోభ. నిర్మల్ చిత్రకారుల రంగుల నేర్పును, కరీంనగరపు వెండి తీగపనివారి ఓర్పును ఎరిగిన సీమలో ఇట్టి పనికి ఆదర్శములు దూరము వెదకనక్కరలేదు. సైలెన్సరులోని భాగములు తీసివేసి వీధి మార్మ్రోగించుటను మాత్రము అలంకారమనలేము.

చట్టము కూడ ఎరిగియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రమునందలి తయారీ వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమునే స్థిరపరచినది. రంగు మార్చినచో పత్రమున నమోదు చేయించుకొనవలెను. చట్రము సంఖ్యను, ఇంజను సంఖ్యను గీకరాదు. వాటిమీద దట్టముగా రంగు పూయరాదు. మొదటి నమోదు 15 సంవత్సరములకు చెల్లును, పిదప 5 సంవత్సరముల కొకసారి పొడిగించుకొనవలెను. ఏ.పి. 15 కరీంనగరమునకు, ఏ.పి. 01 ఆదిలాబాదునకు పూర్వపు గుర్తులు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజింపబడినవి గనుక జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వాసుల పాత పత్రములమీద పూర్వపు జిల్లా పేరే యుండును. 2021 నాటి నిబంధనల ననుసరించి, 50 సంవత్సరములు దాటి అసలు రూపమున నిలిచిన బండిని ప్రాచీన వాహనముగా నమోదు చేయించవచ్చును. అట్టి బండి నిత్యోపయోగమునకు పనికిరాదు. కత్తిరించి మార్చిన బండికి ఈ గౌరవము దక్కదు. అసలు రూపమును కాపాడుటవలని లాభము దీనివలన స్పష్టము.

భాగములకంటె శీఘ్రముగా తరిగిపోవునది నేర్పు. ఇంజను శబ్దము విని దోషము చెప్పగల మిస్త్రీలు వృద్ధులగుచున్నారు. వారి విద్య పుస్తకములకెక్కలేదు. పాత బండిగల గృహస్థులు దానిని తూకమునకు ఇచ్చుటకు ముందు ఒక పర్యాయము అట్టి మిస్త్రీకి చూపవలెను. ఇంటి పిల్లలను ఆయన చెంత కూర్చుండబెట్టి, మర విప్పుట మొదలు పాయింట్లు సరిచేయుట వరకు నేర్పించవలెను. అట్లు చేసినచో బండి నిలుచును, దానితోపాటు విద్యయు నిలుచును.